సర్క్యూట్స్ పరీక్ష: బెంగళూరులోని మన పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు

మాది హిందూపురం పక్కన పల్లె. ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్ళిలో. చుట్టుపక్కల పీజీల్లో ఉండే తెలుగు పిల్లలు, ఎక్కువగా అనంతపురం, కడప, చిత్తూరు వైపు వాళ్ళు, సెమిస్టర్ పరీక్షలకు ముందు ఆదివారాలు మా ఇంటికి వస్తారు. ఫస్ట్ ఇయర్‌లో ఉండే బేసిక్ ఎలక్ట్రికల్, ఆ తర్వాత వచ్చే సర్క్యూట్ అనాలిసిస్, ఈ రెండింటి గురించే గొడవ. ప్రతి బ్యాచ్ అవే ప్రశ్నలు అడుగుతుంది కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది చదివి వస్తే ఆదివారం లెక్కలు చేసుకోవడానికి టైమ్ మిగులుతుంది.

అక్కా, ఈ సబ్జెక్ట్‌లో అందరూ ఎక్కడ పోతారు?

థీరమ్స్ దగ్గర అనుకుంటారు. కాదు. గుర్తుల దగ్గర పోతారు, బొమ్మ మళ్ళీ గీయకపోవడం దగ్గర పోతారు.

ఇది నా సొంత అనుభవం. మొదటిసారి నేను ఈ పేపర్ ఫెయిలయ్యాను. థెవెనిన్ థీరమ్ (ఎంత పెద్ద సర్క్యూట్‌నైనా ఒక్క వోల్టేజ్ సోర్స్, ఒక్క రెసిస్టర్‌గా కుదించే పద్ధతి) స్టేట్‌మెంట్ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆన్సర్ షీట్ జిరాక్స్ తెప్పించి చూసుకుంటే, మూడు పెద్ద లెక్కల్లో రెండో లైనులోనే ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది. ఆ తర్వాత పేజీన్నర లెక్క శుభ్రంగా, తప్పుగా నడిచింది. కరెంట్ ఎటు పోతోందో బాణం గీయకుండా సమీకరణం రాశాను. అంతే.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకు మొదటి గంటలో ఒక్క థీరమ్ కూడా చెప్పను. బొమ్మ గీయండి, ప్రతి కొమ్మకూ బాణం పెట్టండి, బాణం రెసిస్టర్‌లోకి దూరే కొసకు ప్లస్, బయటికొచ్చే కొసకు మైనస్ రాయండి. దీన్నే పాసివ్ సైన్ కన్వెన్షన్ అంటారు. పేరు మర్చిపోయినా పర్లేదు, పని మర్చిపోకండి.

ఇంటర్ వరకు తెలుగు మీడియం. ఇక్కడ ఒక్క ముక్క అర్థం కావట్లేదు. నాకు వస్తుందా?

మీకు సగం ముందే వచ్చు. సెకండ్ ఇయర్ ఫిజిక్స్‌లో ప్రవాహ విద్యుత్తు చాప్టర్ గుర్తుందా? నిరోధం, కిర్కాఫ్ నియమాలు, వీట్‌స్టన్ బ్రిడ్జి, మీటర్ బ్రిడ్జి. ఇక్కడి మొదటి మాడ్యూల్ దాదాపు అదే, పేర్లు మారాయి. నిరోధం రెసిస్టెన్స్ అయింది, క్షమత్వం కెపాసిటెన్స్ అయింది, ప్రేరకత్వం ఇండక్టెన్స్ అయింది. ఒక పేజీలో ఎడమపక్క తెలుగు మాట, కుడిపక్క కాలేజీ మాట రాసుకుని గోడకు అంటించండి. రెండు వారాల్లో ఆ కాగితం అవసరం తీరిపోతుంది.

నాకు కనిపించిన ఇంకో సంగతి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ప్రశ్న గబగబా చదివేసి, అడిగింది వదిలేసి ఇంకేదో కనుక్కుంటారు. తెలుగు మీడియం వాళ్ళు ప్రతి మాటా కూడబలుక్కుని చదువుతారు. ఈ పేపర్‌లో అది మంచి అలవాటే.

కరెంట్‌కీ వోల్టేజ్‌కీ తేడా చెప్పగలను, కానీ లెక్కలో గందరగోళం అవుతోంది. ఎందుకు?

మన ఇంటి భాష వల్ల. మనం "కరెంటు పోయింది" అంటాం. నిజానికి పోయింది వోల్టేజ్. "కరెంటు బిల్లు" అంటాం, ఆ బిల్లులో ఉండేది శక్తి, కిలోవాట్ గంటల లెక్క, అంటే యూనిట్లు. "సాకెట్‌లో కరెంటు ఉంది, ముట్టుకోకు" అంటుంది అమ్మ. సాకెట్‌లో ఏమీ పెట్టనప్పుడు అక్కడ ఉండేది 230 వోల్టులే, ప్రవాహం సున్నా. మూడు వేర్వేరు సంగతులకు చిన్నప్పటి నుంచీ ఒకే మాట వాడి, పరీక్షలో విడదీయమంటే చిక్కు రాదా మరి?

ఆ ఖాళీ సాకెట్‌నే గుర్తుపెట్టుకోండి. వోల్టేజ్ ఉంది, కరెంట్ లేదు. ఓపెన్ సర్క్యూట్ అంటే అదే. థెవెనిన్‌లో లోడ్ తీసేసి కొలిచే వోల్టేజ్ కూడా అదే. ఊళ్ళో ఎండాకాలం సాయంత్రం ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే "ఓల్టేజీ లేదు" అంటాం కదా, ఆ మాట మాత్రం సరిగ్గానే అంటాం. ఊరంతా మోటార్లు వేసినప్పుడు తీగల నిరోధంలో వోల్టేజ్ కొంత పడిపోయి మన ఇంటికి తక్కువ చేరుతుంది. సోర్స్‌కి లోపలి నిరోధం ఉండడమంటే ఏమిటో మన పల్లె వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మెష్ వాడాలా, నోడల్ వాడాలా?

నోడల్ అంటే తీగలు కలిసే చోట్ల, అంటే నోడ్ల దగ్గర, వోల్టేజ్‌లు కనుక్కోవడం. మెష్ అంటే లూపుల్లో తిరిగే కరెంట్లు కనుక్కోవడం. దేనికి సమీకరణాలు తక్కువైతే అది వాడండి. ప్రశ్నలో ఏది వాడమని చెబితే మాత్రం దానితోనే చేయాలి, వేరే దారిలో సరైన జవాబు తెచ్చినా మార్కులు పోవచ్చు. ఏమీ చెప్పకపోతే నాకు నోడల్ ఇష్టం, దిక్కుల తికమక తక్కువ.

ఇక్కడ ఒక చిన్న సర్క్యూట్ చెబుతాను, కాగితం తీసుకుని గీయండి. ఈ పేజీలో చాలా ప్రశ్నలకు ఇదే వాడతాను. ఎడమపక్క 12 వోల్టుల బ్యాటరీ, దాని ప్లస్ నుంచి 2 ఓమ్‌ల గుండా పైనున్న ఒక నోడ్‌కి. కుడిపక్క 6 వోల్టుల బ్యాటరీ, దాని ప్లస్ నుంచి 3 ఓమ్‌ల గుండా అదే నోడ్‌కి. ఆ నోడ్ నుంచి కిందికి 6 ఓమ్‌ల రెసిస్టర్. బ్యాటరీల మైనస్‌లు, 6 ఓమ్‌ల కింది కొస, మూడూ కింద ఒకే తీగకు కలుస్తాయి. అది గ్రౌండ్.

నోడల్‌లో తెలియంది ఒక్కటే, పైనున్న నోడ్ వోల్టేజ్. దాన్ని వి అనుకోండి. నోడ్‌లోకి వచ్చేవి (12 − వి) ÷ 2, (6 − వి) ÷ 3. బయటికి పోయేది వి ÷ 6. మొత్తాన్ని 6తో గుణిస్తే 36 − 3వి + 12 − 2వి = వి. అంటే 48 = 6వి, వి = 8 వోల్టులు. నాలుగు లైన్లలో అయిపోయింది.

మెష్‌లో అయితే రెండు లూపులు, రెండు సమీకరణాలు. రెండు లూపులకూ గడియారం ముల్లు తిరిగే దిక్కే పెట్టండి, ఒకటి అటూ ఒకటి ఇటూ పెట్టకండి. ఎడమ లూపుకి 8ఐ1 − 6ఐ2 = 12. కుడి లూపుకి −6ఐ1 + 9ఐ2 = −6. సాధిస్తే ఐ1 = 2 ఆంపియర్లు, ఐ2 = 0.667 ఆంపియర్లు. మధ్య కొమ్మలో తేడా 1.333, దాన్ని 6 ఓమ్‌లతో గుణిస్తే మళ్ళీ అదే 8 వోల్టులు. రెండు దారుల్లోనూ చేసి ఒకటే జవాబు వచ్చిందా అని చూసుకోవడం ఇంట్లో చేసే పని, పరీక్షలో కాదు. అక్కడ అంత టైమ్ ఉండదు.

రెండు నోడ్ల మధ్య నేరుగా వోల్టేజ్ సోర్స్ ఉంటే ఆ రెంటినీ కలిపి సూపర్‌నోడ్ చేయాలి. రెండు లూపులకు మధ్యలో కరెంట్ సోర్స్ ఉంటే సూపర్‌మెష్. సోర్స్ కనబడగానే దానిలోంచి వెళ్ళే కరెంట్‌కి ఐఎక్స్ అని కొత్త పేరు పెట్టి తెలియనివి పెంచుకుంటారు చాలామంది. అక్కర్లేదు. ఆ సోర్స్ తనంతట తానే ఒక సమీకరణం ఇస్తోంది, అది తీసుకోండి.

జవాబు మైనస్‌లో వస్తే తప్పు చేసినట్టా?

కాదు. మీరు పెట్టిన బాణానికి ఎదురు దిక్కున కరెంట్ పోతోందని అర్థం. పై సర్క్యూట్‌లో 6 వోల్టుల బ్యాటరీ నుంచి నోడ్‌లోకి (6 − 8) ÷ 3 = −0.667 ఆంపియర్లు వస్తోంది. అంటే నిజానికి కరెంట్ ఆ బ్యాటరీలోకే దూరుతోంది, పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని చార్జ్ చేస్తోంది. మైనస్ చూసి భయపడి బాణం తిప్పేసి లెక్క మొదటి నుంచి చేసేవాళ్ళని చూశాను. బాణాన్ని ముట్టుకోకండి, మైనస్‌ను అలాగే చివరిదాకా తీసుకెళ్ళండి. మధ్యలో దిక్కు మారిస్తేనే తప్పు పుడుతుంది.

సరిచూసుకోవడానికి పవర్ లెక్క వాడండి. 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చేది 12 × 2 = 24 వాట్లు. 2 ఓమ్‌లలో 8, 6 ఓమ్‌లలో 10.67, 3 ఓమ్‌లలో 1.33, చార్జ్ అవుతున్న 6 వోల్టుల బ్యాటరీలోకి 4. కూడితే 24. ఇచ్చిందీ ఖర్చయిందీ సమానమైతే మీ గుర్తులన్నీ సరే. ఈ చెకింగ్‌కి ఒక్క నిమిషం చాలు. నా ఆన్సర్ షీట్‌లో ఆ నిమిషం పెట్టి ఉంటే ఒక సెమిస్టర్ మిగిలేది.

థెవెనిన్ స్టేట్‌మెంట్ వచ్చు, లెక్క రాదు. ఏం చేయాలి?

బొమ్మ మూడుసార్లు గీయండి. ఒకే బొమ్మ మీద కొట్టివేతలతో చేయాలనుకుంటే రాదు.

మన సర్క్యూట్‌లోనే 6 ఓమ్‌లలో కరెంట్ కావాలనుకుందాం. మొదటి బొమ్మలో 6 ఓమ్‌లను పూర్తిగా తీసేయండి, ఆ జాగా ఖాళీ. ఇప్పుడు రెండు బ్యాటరీలు, 2, 3 ఓమ్‌లు మాత్రం ఒక్క లూపులో మిగిలాయి. కరెంట్ (12 − 6) ÷ 5 = 1.2 ఆంపియర్లు. ఖాళీ జాగాలో వోల్టేజ్ 12 − 2.4 = 9.6. ఇది థెవెనిన్ వోల్టేజ్. రెండో బొమ్మలో బ్యాటరీల బదులు ఉత్త తీగలు పెట్టండి. ఖాళీ జాగాలోంచి లోపలికి చూస్తే 2, 3 ఓమ్‌లు సమాంతరంగా కనిపిస్తాయి, 1.2 ఓమ్‌లు. మూడో బొమ్మలో 9.6 వోల్టులు, 1.2 ఓమ్‌లు, తీసేసిన 6 ఓమ్‌లు వరసగా. 9.6 ÷ 7.2 = 1.333. ముందు వచ్చిందే.

రెండో బొమ్మలో "చూస్తే" అన్నాను, ఆ మాటే చాలామందికి పట్టుబడదు. బ్యాటరీ వైపు నుంచి చూస్తారు, సిరీస్ అనుకుని 5 ఓమ్‌లు రాస్తారు. మీరు ఒక చీమ అనుకోండి. ఖాళీ జాగా పైకొస నుంచి బయల్దేరి కింది కొసకు చేరాలి. ఎన్ని దారులున్నాయి? 2 గుండా ఒకటి, 3 గుండా ఒకటి. దారులు చీలాయంటే సమాంతరం. మా టెన్త్ సార్ మాకు నిరోధాలు ఈ చీమతోనే చెప్పేవారు. ఇన్నేళ్ళయినా దానికన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు.

నార్టన్ (వోల్టేజ్ సోర్స్ బదులు కరెంట్ సోర్స్‌తో ఇదే పని) కోసం వేరే చాప్టర్ అక్కర్లేదు. అదే ఖాళీ జాగాను తీగతో కలిపేస్తే పోయే కరెంట్ 12 ÷ 2 + 6 ÷ 3 = 8 ఆంపియర్లు. 8 × 1.2 చేసి చూడండి, 9.6. ఈ మూడింట్లో రెండు తెలిస్తే మూడోది ఉచితం.

సూపర్‌పొజిషన్‌లో పవర్ ఎందుకు కూడకూడదు?

సూపర్‌పొజిషన్ అంటే ఒక్కో సోర్స్‌నే ఉంచి విడివిడిగా లెక్క చేసి, జవాబులు కూడడం. పవర్ అలా కూడకూడదు, అందులో వర్గం ఉంది కాబట్టి. 12 వోల్టులు ఒక్కటే ఉంచితే నోడ్ దగ్గర 6 వోల్టులు వస్తుంది, 6 వోల్టులు ఒక్కటే ఉంచితే 2 వోల్టులు. కూడితే 8, బాగుంది. పవర్ విడివిడిగా తీస్తే 36 ÷ 6 = 6 వాట్లు, 4 ÷ 6 = 0.67 వాట్లు, మొత్తం 6.67. అసలు పవర్ 64 ÷ 6 = 10.67. మధ్యలో 4 వాట్లు మాయమయ్యాయి. వోల్టేజ్‌లనో కరెంట్లనో కూడి, పవర్ చివర్లో తీయండి. రెండు మార్కుల ప్రశ్నగా ఇది తరచుగా వస్తుంది.

డిపెండెంట్ సోర్స్ ఉంటే వదిలేయొచ్చా?

వదిలేయకండి, కొత్తగా చేయాల్సింది ఒక్కటే. థెవెనిన్ రెసిస్టెన్స్ కనుక్కునేటప్పుడు మామూలు సోర్స్‌లను ఆపేస్తాం, డిపెండెంట్ సోర్స్‌ను ఆపకూడదు. అది వేరే చోటి కరెంట్‌కో వోల్టేజ్‌కో నీడ లాంటిది, మనిషి ఉండగా నీడను తీసేయలేం కదా. అందుకని బయటి నుంచి 1 వోల్ట్ పెట్టి ఎంత కరెంట్ లోపలికి పోయిందో చూస్తాం. 1ని ఆ కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్.

ఒక చిన్నది చేయండి. పై కొసకూ కింది కొసకూ మధ్య 10 ఓమ్‌లు, అందులో కిందికి పోయే కరెంట్ ఐఎక్స్. దాని పక్కనే కింద నుంచి పైకి 2ఐఎక్స్ పంపే డిపెండెంట్ సోర్స్. 1 వోల్ట్ పెడితే ఐఎక్స్ 0.1, సోర్స్ పైకి పంపేది 0.2. మీరు పెట్టిన సోర్స్ ఇవ్వాల్సింది 0.1 − 0.2 = −0.1. రెసిస్టెన్స్ −10 ఓమ్‌లు! తప్పేమీ లేదు. డిపెండెంట్ సోర్స్ ఉన్న చోట రెసిస్టెన్స్ మైనస్‌లో రావచ్చు. పోయినసారి ఒక అబ్బాయి ఇదే చేసి, సరైన జవాబును కొట్టేసి ప్లస్ చేసి వచ్చాడు.

మాక్సిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ అంటే బాగా పనిచేయడం అనా?

కాదు. లోడ్ రెసిస్టెన్స్ థెవెనిన్ రెసిస్టెన్స్‌కి సమానమైనప్పుడు లోడ్‌కి అందే పవర్ గరిష్ఠం. మన సర్క్యూట్‌లో 1.2 ఓమ్‌లు పెడితే 9.6 × 9.6 ÷ 4.8 = 19.2 వాట్లు. కానీ అప్పుడు థెవెనిన్ బొమ్మలో అంతే పవర్ లోపలి 1.2 ఓమ్‌లలో వేడిగా పోతుంది, ఎఫిషియెన్సీ 50 శాతమే. కరెంటు ఆఫీసు వాళ్ళు ఈ పద్ధతిలో సరఫరా చేస్తే సగం తీగల్లోనే కాలిపోతుంది. యాంటెన్నా, ఆడియో లాంటి చోట ఇది పనికొస్తుంది. ఈ రెండు వాక్యాలు రాస్తే థియరీ మార్కులు వస్తాయి.

స్టార్-డెల్టా ఫార్ములాలు గుర్తుండట్లేదు.

మూడు రెసిస్టర్లు త్రిభుజంలా ఉంటే డెల్టా, ఒకే చోట కలిసి మూడు వైపులా పోతే స్టార్. డెల్టా నుంచి స్టార్‌కి: ఆ కొసను తాకే రెండు చేతుల గుణకారం, కింద మూడింటి మొత్తం. మూడూ సమానమైతే డెల్టా విలువ స్టార్‌కి మూడు రెట్లు. ఇంతకుమించి గుర్తుపెట్టుకోకండి. ముందు ఒకసారి బ్రిడ్జి బ్యాలెన్స్ అయిందేమో చూడండి. అయి ఉంటే మధ్య రెసిస్టర్‌లో కరెంట్ సున్నా, దాన్ని చెరిపేయొచ్చు, మార్చే పనే లేదు.

ఏసీ మొదలవగానే అంతా పోతోంది. ఆ జె ఏమిటి?

గణితంలో ఐ అని చదివిందే. ఇక్కడ ఐ కరెంట్‌కి వాడుతున్నాం కాబట్టి పక్క అక్షరం తీసుకున్నారు. జెతో గుణించడమంటే బాణాన్ని 90 డిగ్రీలు తిప్పడం, అంతే.

ఏసీలో మనవాళ్ళకు అసలు నమ్మకం కుదరనిది ఇది: 30 ఓమ్‌ల రెసిస్టెన్స్, 40 ఓమ్‌ల ఇండక్టివ్ రియాక్టెన్స్ సిరీస్‌లో పెట్టి 230 వోల్టుల సప్లై ఇవ్వండి. ఇంపిడెన్స్, అంటే ఏసీకి మొత్తం అడ్డు, 50 ఓమ్‌లు, కరెంట్ 4.6 ఆంపియర్లు. రెసిస్టెన్స్ మీద 138 వోల్టులు, ఇండక్టర్ మీద 184 వోల్టులు. కూడితే 322! మరి మనం ఇచ్చింది 230యే కదా? కిర్కాఫ్ అబద్ధం చెప్పాడా? లేదు. ఈ రెండు వోల్టేజ్‌లూ ఒకేసారి శిఖరానికి చేరవు, పావు ఆవర్తనం తేడా ఉంది. ఒకటి తూర్పుకి, ఇంకొకటి ఉత్తరానికి నడిచినట్టు కూడాలి. 138 వర్గం, 184 వర్గం కూడి వర్గమూలం తీస్తే సరిగ్గా 230. ఫేజర్ బొమ్మ (వోల్టేజ్‌లను, కరెంట్‌ను బాణాలుగా చూపేది) అడిగినా అడగకపోయినా గీయండి, దానికి విడిగా మార్కులుంటాయి, పైగా కోణం గుర్తు తప్పకుండా కాపాడుతుంది.

ఇదే లెక్కలో పవర్ ఫ్యాక్టర్ 30 ÷ 50 = 0.6, లాగింగ్, అంటే కరెంట్ వోల్టేజ్ కన్నా వెనకబడింది. "లాగింగ్" అని రాయకపోతే జవాబు సగమే. పవర్ 230 × 4.6 × 0.6 = 634.8 వాట్లు. కరెంట్ వర్గాన్ని 30తో గుణించి చూడండి, అదే వస్తుంది. ఇక్కడ కూడా పవర్‌తోనే సరిచూసుకుంటున్నాం, గమనించారా?

ఇంకొకటి. 230 అనేది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే పవర్ లెక్కలో వాడే విలువ. మన సాకెట్‌లో శిఖరం దాదాపు 325 వోల్టులు. ప్రశ్నలో "325 సైన్ 314టి" అని ఇస్తే 325ను అలాగే పెట్టి పవర్ తీయకండి, 1.414తో భాగించండి. 314 అంటే 2 × π × 50, అంటే మన 50 హెర్ట్జ్‌లే.

ట్రాన్సియెంట్స్ ఊహకు అందట్లేదు.

ట్రాన్సియెంట్స్ అంటే స్విచ్ వేసిన వెంటనే కొద్దిసేపు జరిగే మార్పులు. ఊహించుకోవద్దు, సామాను కొనుక్కుని చూడండి. చిక్కపేట మెట్రో దిగి ఎస్పీ రోడ్‌కి నడవండి. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రో ఫారడ్ కెపాసిటర్, బ్రెడ్‌బోర్డ్, 9 వోల్టుల బ్యాటరీ, చవకరకం మల్టీమీటర్. నలుగురు రూమ్మేట్లు కలిసి కొంటే భారం కాదు. ఆ గల్లీల్లో సగం షాపుల్లో తెలుగు కూడా నడుస్తుంది.

రెసిస్టర్, కెపాసిటర్ సిరీస్‌లో పెట్టి బ్యాటరీ తగిలించి కెపాసిటర్ మీద మీటర్ పెట్టండి. టైమ్ కాన్‌స్టాంట్ 10,000 × 0.0001 = 1 సెకను. ఒక సెకనుకి 63 శాతం, అంటే 5.7 వోల్టులు. రెండు సెకన్లకి 7.8. అయిదు సెకన్లకి దాదాపు నిండిపోతుంది. సెల్‌ఫోన్‌తో మీటర్‌ను వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూడండి. లెక్కకూ మీటర్‌కూ కొంచెం తేడా వస్తుంది, ఇలాంటి కెపాసిటర్ల విలువ 20 శాతం దాకా అటూఇటూ ఉండడం మామూలే. కెపాసిటర్ మీద చార ఉన్న కాలు మైనస్, తిప్పి పెట్టకండి. మీటర్‌ను ఆంపియర్ల మీద ఉంచి బ్యాటరీకి అడ్డంగా పెడితే మీటర్ ఫ్యూజ్ పోతుంది, అదీ చేయకండి. నాది రెండుసార్లు పోయింది.

చేత్తో చేశాక పుస్తకంలో మిగిలేది కొంచెమే. కెపాసిటర్ వోల్టేజ్ ఒక్కసారిగా దూకదు, ఇండక్టర్ కరెంట్ ఒక్కసారిగా దూకదు. చాలాసేపయ్యాక డీసీలో కెపాసిటర్ తెగిన తీగ, ఇండక్టర్ ఉత్త తీగ. మొదటి విలువ, చివరి విలువ, టైమ్ కాన్‌స్టాంట్, ఈ మూడూ వస్తే ఒక్క డీసీ సోర్సూ ఒక్క కెపాసిటరూ ఉన్న ఏ లెక్కయినా అయిపోయినట్టే. టైమ్ కాన్‌స్టాంట్‌లో వాడే రెసిస్టెన్స్ కెపాసిటర్ కాళ్ళ నుంచి చూసిన థెవెనిన్ రెసిస్టెన్స్. చీమ మళ్ళీ వచ్చింది.

డీసీ లెక్కలన్నీ ఎందుకు, ఇప్పుడంతా ఏసీ కదా?

మీరు చిక్కపేటకి వచ్చిన మెట్రో రైలు పట్టాల పక్కనున్న మూడో పట్టా (థర్డ్ రైల్) నుంచి 750 వోల్టుల డీసీతో నడుస్తోంది. ఫోను, ల్యాప్‌టాప్, సోలార్ ప్యానెల్ కూడా డీసీయే.

చరిత్ర అడుగుతారా?

అరుదు. వైవాలో అడగొచ్చు. కిర్కాఫ్ తన నియమాలను 1845లో చెప్పాడు, అప్పటికి 21 ఏళ్ళ విద్యార్థి, దాదాపు మీ ఈడువాడు. థెవెనిన్ ఫ్రెంచ్ టెలిగ్రాఫ్ ఇంజనీర్, 1883లో ప్రచురించాడు. అదే సంగతి 1853లోనే హెల్మ్‌హోల్ట్జ్ చెప్పి ఉన్నాడు. నార్టన్‌ది 1926. మన పక్క సంగతి కావాలంటే, శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో మొదలైంది, ముందు వెళ్ళింది కోలారు బంగారు గనులకు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు 1905లో వెలిగాయి. గనుల కోసం వేసిన కరెంటు, ఊరికి తర్వాత చేరింది.

కాలిక్యులేటర్ ఏది కొనాలి?

కాసియో ఎఫ్‌ఎక్స్-991 రకం. రెండు, మూడు తెలియనివున్న సమీకరణాలు, కాంప్లెక్స్ సంఖ్యలు అందులోనే చేయొచ్చు. ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్‌లో ఆ రెండూ ఉండవు. కొనేముందు మీ కాలేజీలో ఏ మోడల్ అనుమతిస్తారో అడగండి. సమీకరణాలు మాత్రం పేపర్ మీద రాయాలి, ఉత్త జవాబుకి మార్కులు వేయరు. డిగ్రీ, రేడియన్ మోడ్ గమనించుకోండి. 314టి రేడియన్లలో వస్తుంది, పక్కనే ఉన్న 30 డిగ్రీలు డిగ్రీల్లో. రెండూ కలిపి కొట్టేస్తే మిషన్ ఏమీ అనదు, నవ్వుకుంటూ తప్పు జవాబు చూపిస్తుంది.

పది రోజులే ఉంది. ఎలా చదవాలి?

ముందు మీ స్కీమ్ చూడండి. వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కాలేజీల్లో మామూలుగా అయిదు మాడ్యూళ్ళు, ప్రతి మాడ్యూల్ నుంచి రెండు పూర్తి ప్రశ్నలు ఇచ్చి ఒకటి రాయమంటారు. అటానమస్ కాలేజీల పద్ధతి వేరేగా ఉండొచ్చు. మాడ్యూల్ పూర్తిగా వదిలేస్తే ఆ ఇరవై మార్కులు వేరే చోట దొరకవు. అందుకని ప్రతిదాంట్లో కొంత రావాలి.

మొదటి నాలుగు రోజులు డీసీకే ఇవ్వండి, మెష్, నోడల్, థెవెనిన్. చాలామంది ఒక్క రోజులో చుట్టేసి ఏసీకి పరిగెడతారు. ఏసీ లెక్క అంటే ఆర్ బదులు ఇంపిడెన్స్ పెట్టిన డీసీ లెక్కే కాబట్టి, ఇక్కడ పట్టు లేకపోతే అక్కడ ఏమీ మిగలదు. తర్వాత నాలుగు రోజులు ఏసీ, ట్రాన్సియెంట్స్. చివరి రెండు రోజులు పాత పేపర్లు, గడియారం పెట్టుకుని.

వీడియోలు చూడండి, ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) పాఠాలు బాగుంటాయి. కానీ వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఈత చూసినట్టు. లెక్క కనిపించగానే ఆపేయండి, మీరు చేయండి, తర్వాత ప్లే నొక్కండి. యాభై లెక్కలు చూసేకన్నా పదిహేను చేయడం మేలు, అందులో అయిదు తప్పు చేసి ఎక్కడ తప్పో కనుక్కుంటే ఇంకా మేలు. నా పిల్లలచేత ఒక తప్పుల పుస్తకం పెట్టిస్తాను. అందులో ప్రతి తప్పుకీ ఒక్క లైనే. "గుర్తు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో వారం చివర లెక్కపెట్టమంటాను. అందరికీ అదే గెలుస్తుంది.

పరీక్ష రోజు?

సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ మీదుగా వెళ్ళాలంటే గంట ముందు బయల్దేరండి. పెన్సిల్, స్కేలు మర్చిపోకండి. ఇచ్చిన సర్క్యూట్‌ను ఆన్సర్ షీట్‌లో పెద్దగా, కనీసం పావు పేజీలో గీయండి. చిన్న బొమ్మలో బాణాలు ఇరుక్కుపోతాయి. ప్రతి జవాబుకీ యూనిట్ రాయండి.

అక్కా, చివరి అయిదు నిమిషాల్లో పవర్ లెక్క కుదరలేదు, తప్పెక్కడో దొరకలేదు. ఏం చేయాలి?

కొట్టేయకండి. సమీకరణాలు సరిగా ఉంటే వాటికి మార్కులు ఉంటాయి. ముందు రెండో లైను చూడండి, బాణానికీ గుర్తుకీ పడిందా అని, నాకు తప్పులు అక్కడే దొరికాయి. అక్కడా దొరక్కపోతే కింద ఒక వాక్యం రాయండి, "ఇచ్చిన పవర్ ఇంత, ఖర్చయింది ఇంత, తేడా ఉంది" అని. పేపర్ దిద్దేవాళ్ళకి మీకు సరిచూడడం తెలుసని కనిపిస్తుంది. తర్వాత మిగిలిన టైమ్‌లో రెండు మార్కుల ప్రశ్నలు ఏవైనా వదిలేశారేమో వెనక్కి తిప్పి చూసుకోండి.